ఏ పటం గీయాలి, ఏ పటం గీయకూడదు

రాయలసీమలోని ఒక పట్టణంలో, మసీదు పక్కనున్న షాదీఖానా హాలులో, కొద్ది నెలల క్రితం జరిగిన ఒక సమావేశానికి వెళ్ళాను. పదీ పన్నెండు మంది యువకులు, నలుగురైదుగురు పెద్దలు, ఇద్దరు ఉపాధ్యాయినులు ఉన్నారు. మున్సిపల్ కమిషనర్‌కు ఇవ్వవలసిన వినతిపత్రంపై చర్చ జరుగుతున్నది. ఇంజనీరింగ్ చదివిన ఒక అబ్బాయి ల్యాప్‌టాప్ తెరిచి గోడ మీద ఒక పటం చూపించాడు. పట్టణమంతా బూడిద రంగులో ఉంది. ముస్లిం కుటుంబం నివసించే ప్రతి ఇంటి మీదా ఒక ఆకుపచ్చ చుక్క. ఓటరు జాబితాలోని పేర్లను బట్టి మూడు వారాలు కూర్చుని తయారు చేశాడట. అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. వెనుక వరుసలో కూర్చున్న ఒక వృద్ధురాలు మాత్రం, "బేటా, చానా బాగా చేసినావు. మా ఇల్లు గూడా కనపడతాంది. ఇది ఎవరెవరు చూస్తారు?" అని అడిగింది. "అందరూ చూడొచ్చు నానీమా, ఇంటర్నెట్‌లో పెడతాం" అన్నాడు అబ్బాయి. ఆమె మరేమీ అనలేదు. హాలులో కూడా కాసేపు ఎవరూ ఏమీ అనలేదు.

ఆ ప్రశ్న గురించే ఈ వ్యాసం.

మనం అంకెలతో మాట్లాడటం నేర్చుకుని ఎంతో కాలం కాలేదు. 2006 నవంబరులో సచార్ కమిటీ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చే వరకు, "బుజ్జగింపు" అనే మాటకు మన దగ్గర ఆవేదనే తప్ప ఆధారం ఉండేది కాదు. 2001 జనగణనలో దేశ అక్షరాస్యత 65.1 శాతం ఉంటే ముస్లింలది 59.1 శాతమనీ, ముస్లింలు ఎక్కువగా ఉన్న చిన్న గ్రామాల్లో దాదాపు మూడో వంతుకు ఏ విద్యాసంస్థా లేదనీ ఆ నివేదిక చెప్పాక వాదన తీరు మారింది. ఇప్పుడు ఫోను ఉన్న ప్రతి యువకుడూ ఒక గ్రాఫు గీయగలడు, ఒక పటానికి రంగులు వేయగలడు. పనిముట్టు చేతికి రావడం మంచిదే. అయితే చేతికి వచ్చిన అంకెనల్లా పటంగా మార్చాలన్న తొందర కూడా దానితోపాటే వచ్చింది. దేనిని గీయాలో, దేనిని గీయకుండా ఉండాలో తేల్చుకునే పని మనం ఇంకా మొదలుపెట్టలేదు.

ఈ ప్రశ్న మనకంటే ముందు ఎదుర్కొన్నవారు ఉన్నారు. 1900లో పారిస్ విశ్వ ప్రదర్శనకు అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్, అట్లాంటా విశ్వవిద్యాలయంలోని తన విద్యార్థులతో కలిసి చేతితో గీసి రంగులు వేసిన సుమారు అరవై పటాలు, రేఖాచిత్రాలు తీసుకువెళ్ళాడు. బానిసత్వం ముగిసి అప్పటికి నలభై ఏళ్ళు కూడా కాలేదు. తన జాతి పడిన బాధలనే గీసి ఉంటే యూరప్ ప్రేక్షకులు జాలిపడి పక్క గదిలోకి వెళ్ళిపోయేవారేమో. ఆయన ఎంచుకున్నవి వేరు. జార్జియా రాష్ట్రంలో నల్లవారు సొంతం చేసుకున్న ఎకరాలెన్ని, వారి నిరక్షరాస్యత ఏటేటా ఎంత తగ్గింది, చివరికి వారి ఇళ్ళలోని సామాను, వంటింటి సామాను విలువ ఎంత. వంటింటి సామానుకు రేఖాచిత్రమా అని నాకు మొదట నవ్వు వచ్చింది. తరువాత అర్థమైంది. నిన్నటిదాకా తన శరీరం మీదనే హక్కు లేని మనిషికి నేడు సొంత గిన్నె ఉందన్నది చిన్న సంగతి కాదు. ఎదుటివారు ఏ అబద్ధం నమ్ముతున్నారో కనిపెట్టి, దానికి సరిగ్గా ఎదురు నిలిచే సంగతినే ఆయన ఎంచుకున్నాడు.

రెండో ఉదాహరణ చెప్పడానికే కష్టంగా ఉంటుంది. 1941 మేలో, జర్మన్ ఆక్రమణలో ఉన్న ఆమ్‌స్టర్‌డాం నగరంలో, నగరపాలక గణాంక కార్యాలయం ఒక పటం తయారు చేసింది. నగరంలో యూదులు ఎక్కడెక్కడ ఉన్నారో చూపే పటం. ఒక్కొక్క చుక్క పది మందికి గుర్తు. దానిని గీసినవారు సైనికులు కారు. తమ పని శుభ్రంగా చేసే గుమాస్తాలు. నెదర్లాండ్స్ యూదుల్లో నాలుగింట మూడు వంతుల మంది ఆ యుద్ధకాలంలో హతమయ్యారు. ఆ పటం ఒక్కటే కారణమని ఎవరూ అనరు. దాని వెనుక మతం, చిరునామా నమోదైన పౌర రిజిస్టరు ఉన్నది. ఆ సంగతి గ్రహించిన ప్రతిఘటన వీరులు 1943 మార్చి 27 రాత్రి ఆ రిజిస్టరు కార్యాలయానికి నిప్పు పెట్టారు. కాగితాలను తగలబెట్టడం కోసం ప్రాణాలు ఒడ్డారు, పట్టుబడినవారిలో పలువురిని కాల్చి చంపారు.

అంత దూరం వెళ్ళనక్కరలేదు అనేవారికి న్యూయార్క్ సంగతి చెబుతాను. 2001 తరువాత ఆ నగర పోలీసు శాఖలో ఒక ప్రత్యేక విభాగం ఏర్పడి ముస్లింల మసీదులు, హోటళ్ళు, పుస్తకాల దుకాణాలు ఎక్కడున్నాయో నమోదు చేస్తూ పోయింది. 2011లో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు దానిని బయటపెట్టారు. ఆ విభాగం సమాచారం వల్ల ఒక్క ఉగ్రవాద దర్యాప్తు కూడా మొదలు కాలేదని పోలీసు ఉన్నతాధికారే 2012లో ప్రమాణపూర్వకంగా ఒప్పుకున్నాడు. 2014లో దానిని రద్దు చేశారు. ఈలోగా మసీదుకు వెళ్ళడానికే జంకిన కుటుంబాలు ఎన్నో. ఇక మన దేశంలో, 1984 నవంబరులో ఢిల్లీలో సిక్కుల ఇళ్ళను వెతుకుతూ వచ్చినవారి చేతుల్లో ఓటరు జాబితాలు ఉన్నాయని బాధితులు వాంగ్మూలాలు ఇచ్చారు. జాబితా అదే, ఎన్నికలకు వాడినదే. చేతులు మారాయి.

అందువల్ల నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మనిషినో, ఇంటినో గుర్తుపట్టగల పటాన్ని మనం గీయకూడదు, ఎంత మంచి ఉద్దేశంతోనైనా సరే. "ఏ వీధి ఎవరిదో ఊళ్ళో అందరికీ తెలిసిందేగా" అని సమావేశంలో ఒకరు అన్నారు. నిజమే. పక్కింటివారికి తెలుసు. ఆ తెలియడంలో పండుగకు పంపిన షీర్ ఖుర్మా ఉంది, పెళ్ళికి ఇచ్చిన చదివింపు ఉంది. ఊరు తెలియని మనిషి చేతికి తలుపు దాకా దారి చూపించే జాబితా అందడం వేరు.

అయితే ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. మనం ఎక్కడున్నామో చూపకుండా, మనకు ఏది అందలేదో ఎలా చూపడం? ఆ అబ్బాయి నన్ను ఇదే అడిగాడు, కొంచెం కోపంగానే. అతని కోపం న్యాయమైనదే. సమాధానం మనం ఏ కొలత ఎంచుకుంటామన్న దాంట్లో ఉంది. దీనికి మన రాష్ట్రమే పెద్ద ఉదాహరణ.

సచార్ నివేదిక తరువాత కేంద్ర ప్రభుత్వం దేశంలో 90 "మైనారిటీలు అధికంగా ఉన్న జిల్లాలను" గుర్తించి, 2008-09లో వాటికి బహుళ రంగాల అభివృద్ధి పథకం ప్రారంభించింది. ఉత్తరప్రదేశ్‌కు 21, అస్సాంకు 13, పశ్చిమ బెంగాల్‌కు 12, కర్ణాటకకు బీదర్, గుల్బర్గా దక్కాయి. 23 జిల్లాల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఒక్కటి కూడా రాలేదు. జనాభాలో నలభై శాతానికి పైగా ముస్లింలు ఉన్న హైదరాబాద్ సైతం ఆ జాబితాలో లేదు. కారణం కుట్ర కాదు, సగటు. వెనుకబాటుతనాన్ని జిల్లా మొత్తానికి కలిపి కొలిచారు. హైదరాబాద్ జిల్లాలో తలాబ్‌కట్ట ఉంది, బంజారాహిల్స్ కూడా ఉంది. రెండింటినీ కలిపి భాగిస్తే తలాబ్‌కట్ట బాగానే ఉన్నట్టు లెక్క తేలుతుంది. కర్నూలు, కడప వంటి చోట్ల జిల్లా మొత్తం మీద మన నిష్పత్తి నిర్ణీత హద్దును చేరదు, పట్టణాల్లో వార్డులకు వార్డులు మనవే అయినా సరే. తరువాతి ప్రణాళికలో జిల్లాలను వదలి 710 బ్లాకులు, 66 పట్టణాలు తీసుకున్నారు. అంటే తప్పు కొలతబద్దలోనే ఉందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. ఈలోగా గడిచిన ఏళ్ళు మాత్రం తిరిగి రాలేదు. జిల్లాలవారీగా రంగులు వేసిన అందమైన పటం ఒకటి మన మొహల్లాలను ఇలా మాయం చేసింది.

కాబట్టి ఇల్లు మరీ చిన్న కొలత, జిల్లా మరీ పెద్దది. వార్డు, మొహల్లా స్థాయిలో నిలబడాలి. సామ్ ఆషర్, పాల్ నొవొసాద్ తదితర ఆర్థికవేత్తలు ఇటీవలి సంవత్సరాల్లో దేశవ్యాప్తంగా సుమారు 15 లక్షల నివాస ప్రాంతాల లెక్కలు పరిశీలించారు. ఒకే నగరంలో, ముస్లింలు లేని పరిసరంతో పోల్చితే పూర్తిగా ముస్లింలే ఉన్న పరిసరంలో ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉండే అవకాశం సగమేనని తేల్చారు. ఈ వివక్ష నగరానికీ నగరానికీ మధ్య అంతగా కనిపించదు, ఒకే నగరంలోని మొహల్లాల మధ్య కనిపిస్తుంది. ఇంత పెద్ద మాట చెప్పడానికి వారు ఎవరి ఇంటినీ గుర్తించి చూపలేదు. ఆ పనిని మన ఊరి స్థాయిలో మనం చేయవచ్చు. మనుషులకు బదులు సర్కారును పటం మీద పెట్టాలి. ఉన్నత పాఠశాల ఎక్కడ, అంగన్‌వాడీ ఎక్కడ, మురుగు కాలువ ఏ మలుపు దగ్గర ఆగిపోయింది, బ్యాంకు ఏ వీధి దాటి లోపలికి అప్పు ఇవ్వదు. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను "నెగటివ్ జోన్లు"గా గుర్తించి అప్పులు నిరాకరిస్తున్నాయని సచార్ కమిటీయే రాసింది. అంటే మన మొహల్లాల పటం మనకంటే ముందు ఎవరో గీసి పెట్టుకున్నారన్నమాట. ఆ గీత ఎక్కడుందో బయటపెట్టే పటం మనం గీయవలసినది.

ఇక మన మీద గీస్తున్న పటాల సంగతి. 2024 మేలో, లోక్‌సభ ఎన్నికలు జరుగుతుండగా, ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలి పేరుతో ఒక పత్రం వెలువడింది. 1950 నుంచి 2015 మధ్య ముస్లింల వాటా 43.15 శాతం పెరిగిందని టీవీలన్నీ ఎర్రటి బాణం గుర్తులతో చూపించాయి. ఆ పత్రంలోని అసలు అంకెలు 9.84 శాతం, 14.09 శాతం. అంటే అరవై ఐదేళ్ళలో నాలుగుంపావు పాయింట్ల పెరుగుదల. శాతం మీద మళ్ళీ శాతం కట్టి 43 చేశారు. లెక్క తప్పు కాదు, ఆ లెక్కను ఎంచుకోవడంలోనే ఉద్దేశం ఉంది. దీనికి సమాధానంగా మనం గీయవలసిన గీత మరొకటి ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ముస్లిం మహిళల సంతాన సగటు 1992-93లో 4.4, 2019-21 నాటికి 2.4. హిందూ మహిళలది అదే కాలంలో 3.3 నుంచి 1.9కి తగ్గింది. రెండు గీతలూ కిందికే వస్తున్నాయి, ఒకదానికొకటి దగ్గరవుతున్నాయి. ఈ ఒక్క చిత్రం చాలు. అయితే మన యువకుల శ్రమంతా ఇటువంటి జవాబులకే ఖర్చయిపోవడం నాకు ఇష్టం లేదు. వారు ఏ ప్రశ్న వేస్తే దానికే జవాబు గీస్తూ కూర్చుంటే, మనం వేయవలసిన ప్రశ్న ఎవరు వేస్తారు?

వక్ఫ్ భూములదీ ఇదే కథ. సచార్ నివేదిక నాటికి దేశంలో నమోదైన వక్ఫ్ ఆస్తులు 4.9 లక్షలు, విస్తీర్ణం సుమారు 6 లక్షల ఎకరాలు. కేంద్ర ప్రభుత్వ వామ్‌సీ పోర్టల్‌లో ఆ సంఖ్య తరువాత 8.72 లక్షల ఆస్తులకు, 38 లక్షలకు పైగా ఎకరాలకు చేరింది. ఈ రెండు అంకెలను పక్కపక్కన రెండు స్తంభాలుగా నిలబెడితే వక్ఫ్ దేశాన్ని మింగేస్తున్నట్టు కనిపిస్తుంది. అలా నిలబెట్టారు కూడా. వాస్తవానికి పెరిగింది పోర్టల్‌లో నమోదు. నవాబుల కాలం నాటి కబరస్తాన్ నిరుడు కంప్యూటరులోకి ఎక్కితే అది నిరుడు పుట్టిన ఆస్తి కాదు. ఆ 8.72 లక్షల్లో లక్షన్నర కబరస్తాన్లే, దాదాపు 1.19 లక్షలు మసీదులు. వాటిని అమ్ముకునేదీ లేదు, వాటిమీద అద్దె వచ్చేదీ లేదు. ఈ విభజన చూపని ఏ స్తంభమైనా అబద్ధమే చెబుతుంది.

వక్ఫ్ పటం మనం గీసి తీరాలి. తెలంగాణలో 77 వేల ఎకరాలకు పైగా వక్ఫ్ భూమి ఉంటే 57 వేల ఎకరాలకు పైగా ఆక్రమణలో ఉందని వక్ఫ్ బోర్డు లెక్కలే చెబుతున్నాయి. కానీ గీసేటప్పుడు మణికొండను మరువకూడదు. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గాకు చెందిన మణికొండ జాగీరు భూమి 1,654 ఎకరాల 32 గుంటలు వక్ఫ్‌దని 2006లో సవరణ నోటిఫికేషన్ వచ్చింది. హైకోర్టులో వక్ఫ్ బోర్డు గెలిచింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ నోటిఫికేషన్‌ను తోసిపుచ్చి భూమి రాష్ట్ర ప్రభుత్వానిదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు మనకు బాధ కలిగించింది, నిజమే. అయినా ఈనాటి పటంలో ఆ భూమిని మిగిలిన వక్ఫ్ భూములతో సమానంగా అదే రంగులో వేస్తే, మొదటి ప్రశ్నకే మన పటం మొత్తం కూలిపోతుంది. నిర్వివాదంగా మనవైన వందల కబరస్తాన్ల మాట కూడా ఎవరూ వినరు. గెజిట్ తేదీ, సర్వే నంబరు, కోర్టులో ఉన్నదీ లేనిదీ వేర్వేరు రంగుల్లో చూపాలి. 2025 జూన్ 6న మొదలైన ఉమీద్ పోర్టల్‌లో ప్రతి ఆస్తినీ స్థాన వివరాలతో సహా నమోదు చేయమన్నప్పుడు, గడువు ఆరు నెలలే ఇచ్చినప్పుడు, కాగితాలు వెతుక్కోలేక ముతవల్లీలు పడిన అవస్థ మనకు తెలుసు. ఆ పని ఇరవై ఏళ్ళ కిందటే ఊరూరా మనమే చేసి ఉండవలసింది.

ఇంకొకటి, చెబితే కొందరికి నచ్చదు. వక్ఫ్ భూమిని ఆక్రమించినవారి వివరాలు గీసేటప్పుడు ప్రభుత్వ శాఖల పేర్లు వేయడానికి మనకు ఉత్సాహం ఉంటుంది. సచార్ కమిటీ కూడా ప్రభుత్వ సంస్థల ఆక్రమణలను జాబితా వేసింది. దుకాణాన్ని నామమాత్రపు అద్దెకు తన బావమరిదికి రాసిచ్చిన ముతవల్లీ కూడా అదే పటంలో, అదే రంగులో ఉండాలి. అతన్ని దాచిన పటాన్ని నేను పంచిపెట్టను.

"ముస్లింలు" అనే ఒక్క రంగు కూడా చాలా సంగతులను దాచుతుంది. 2024 నాటి తెలంగాణ ఇంటింటి సర్వేలో ముస్లింలు 12.56 శాతమని తేలితే, అందులో 10.08 శాతం వెనుకబడిన తరగతులవారే. దూదేకులవారు, ఫకీర్లు, అచ్చుకట్లవారు, తురక కాశలు, సయ్యదులు అందరినీ ఒకే ఆకుపచ్చలో ముంచితే ఎవరికి ఏం రావాలో ఎవరికీ తెలియదు. ఇది కేవలం పద్ధతికి సంబంధించిన పట్టింపు కాదు. 14 ముస్లిం సమూహాలకు 2007లో ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్‌ను 2010 ఫిబ్రవరిలో హైకోర్టు విస్తృత ధర్మాసనం మెజారిటీ తీర్పుతో కొట్టివేసినప్పుడు, వెనుకబాటుతనాన్ని అంచనా వేసిన సర్వే శాస్త్రీయంగా లేదన్నది ముఖ్యమైన ఆక్షేపణ. మరుసటి నెలలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు నీడలోనే మన పిల్లలు నేటికీ సీట్లు పొందుతున్నారు. 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా రాబోతున్న జనగణనలో కులం కూడా నమోదవుతుంది. ఎన్యూమరేటరు వచ్చినప్పుడు కులం చెప్పడానికి సిగ్గుపడి "షేక్ అని రాసుకోండి" అనేస్తే, రేపటి పటంలో మీ బిరాదరీ ఉండదు. మరో సంగతి. జనగణనలో షెడ్యూల్డ్ కులాల, తెగల సంఖ్యలు గ్రామం, వార్డు వరకు ప్రచురిస్తారు. మతం వివరాలు మండలం, పట్టణం దగ్గరే ఆపేస్తారు. వార్డు స్థాయి పట్టికలు అడగాలా వద్దా అన్న దానిపై మనలో ఇంకా చర్చ జరగాలి. ఎక్కడ ఏమి లేదో నిరూపించడానికి ఆ పట్టికలు కావాలి, ఆమ్‌స్టర్‌డాం గుర్తొచ్చినప్పుడు వద్దనిపిస్తుంది. మనుషుల సంఖ్యలకు బదులు వార్డులవారీగా సదుపాయాల పట్టికలను ముందు అడగడం మేలని ప్రస్తుతానికి నా ఆలోచన.

షాదీఖానా సమావేశానికి మళ్ళీ వస్తాను. ఆ రోజు ఏమీ తేలలేదు. వారం తరువాత ఇద్దరు ఉపాధ్యాయినులు, ఆ అబ్బాయి, మరికొందరు కలిసి ఒక కొత్త పటం మొదలుపెట్టారు. ఉర్దూ ప్రాథమిక పాఠశాల మొహల్లాలోనే ఉంది, ఉన్నత పాఠశాల జాతీయ రహదారికి అవతల ఉంది. ఐదో తరగతి దాటిన ఆడపిల్లలు నడిచే దారిని వీళ్ళు స్వయంగా నడిచి గీశారు. రహదారి దాటే చోటు, దీపాలు లేని స్తంభాలు, సారాయి దుకాణం, వర్షం వస్తే మోకాలి లోతు నీళ్ళు నిలిచే మలుపు. కాగితం మీద ఆ దీపాల్లేని స్తంభాలను ఒక్కొక్కటే వేలితో చూపించింది ఆ వృద్ధురాలే. ఆమె మనవరాలు ఆరో తరగతి మధ్యలో మానేసింది. ఆ పటంలో ఎవరి ఇల్లూ లేదు, ఎవరి పేరూ లేదు. బడి మానేసిన పిల్లల సంఖ్యను కూడా పటంలో వేయలేదు. ఆ కారణాలు పటానికి లొంగవని ఉపాధ్యాయినులు పట్టుబట్టారు, విడిగా ఒక పేజీ రాసి జతచేశారు.

వినతిపత్రం అందుకున్న అధికారి మర్యాదగానే మాట్లాడాడు. వీధి దీపాలు వెంటనే వేయిస్తానన్నాడు, రహదారి సంగతి తన చేతుల్లో లేదన్నాడు. వీళ్ళు లేచి వస్తుంటే, "ఇంటింటికీ చుక్కలు పెట్టిన పటం ఒకటి చేశారని విన్నాను, అది కూడా ఇచ్చి వెళ్ళండి, పథకాలు అమలు చేయడానికి పనికొస్తుంది" అని అడిగాడట. మంచి మనసుతోనే అడిగి ఉండవచ్చు.

"లేదు సార్, తుడిచేశాను" అన్నాడట అబ్బాయి.